తనంతట తాను

సందేహం: బైబిల్ పాఠం ఒకటి రాస్తూ ‘మనిషి స్వయంసమృద్ధుడు కాడు, దేవునిపై ఆధారపడాలి’ అన్నాను. ‘స్వయంసమృద్ధి’ ఇక్కడ అతకదని ఒకరన్నారు. ‘ఆధారపడటం’ చిన్నతనంగా ఉందని మరొకరు. ఏ మాటలు వాడాలి?

సమాధానం: మొదటి అభ్యంతరం సరైనదే. సమృద్ధి అంటే కొరత లేకుండా నిండుగా ఉండటం. తిండిగింజల్లో ఒక దేశం స్వయంసమృద్ధి సాధించిందంటాం. అది సరుకు లెక్క. మీరు చెప్పదలచింది ‘నా బలం నాకు చాలు’ అనుకునే మనసు గురించి. దానికి స్వశక్తి, స్వబుద్ధి ఉన్నాయి. సామెతలు 3:5లో ‘నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక’ అనే ఉంది. ‘ఆత్మవిశ్వాసం’ మాత్రం వద్దు. క్రైస్తవ పాఠకుడికి ఆత్మ అనగానే పరిశుద్ధాత్మ గుర్తుకొస్తుంది, అర్థం తలకిందులవుతుంది.

వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది ‘తనంతట తాను’ అనే పలుకుబడి. యోహాను 15:4లో తీగె ద్రాక్షావల్లిలో నిలిచి ఉంటేనే గాని ‘తనంతట తానే’ ఫలించదు. కోసి పక్కన పెట్టిన తీగె కాసేపు పచ్చగానే ఉంటుంది, ఆకులూ వెంటనే వాడవు. గుత్తి మాత్రం వేయదు. అదే సువార్త 5:19లో యేసు తన గురించే, కుమారుడు ‘తనంతట తాను ఏదియు చేయనేరడు’ అంటాడు. అలాంటప్పుడు దేవునిపై ఆధారపడటంలో చిన్నతనం ఎక్కడిది?

2 కొరింథీయులకు 3:5 ఇంకా నిదానంగా చదవండి. ‘మాయంతట మేమే సమర్థులమని కాదు’ అన్నాడు ఆ లేఖ రాసిన పౌలు. వట్టి ‘సమర్థులం కాము’ అనలేదు. వెంటనే ‘మా సామర్థ్యము దేవుని వలననే కలిగియున్నది’ అన్నాడు. సామర్థ్యం ఉంది. అది ఎక్కడినుంచి వచ్చిందో ‘వలన’ అనే పంచమీ విభక్తి చెబుతోంది. ‘మాయంతట మేమే’ తీసేస్తే పౌలు చేతకానివాడిగా మిగులుతాడు!

ఫిలిప్పీయులకు 4:11లో ‘సంతృప్తి’ అని మనం చదివేచోట గ్రీకులో ఉన్నది ‘అవుతార్కేస్’. తనకు తాను చాలినవాడని దాని అర్థం. సుఖదుఃఖాలకు చలించకూడదన్న ప్రాచీన స్టోయిక్ తత్త్వవేత్తలకు ఇష్టమైన మాట. పౌలు దాన్ని తీసుకుని, రెండు వచనాల తర్వాత ‘నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను’ అని దాని దిశే మార్చేశాడు. తెలుగులో ఆ మలుపు కనిపించదు, అదొక్కటే నాకు లోటు.

ఇక ‘ఆధారపడటం’. ‘పిల్లల మీద ఆధారపడి బతుకుతున్నాడు’ లాంటి వాడుక వల్ల దానికి భారమనే ఛాయ అంటుకుంది. తప్పు మాట కాదు. అయినా ‘ఆశ్రయించు’ మేలు. కీర్తన 118:8 ‘మనుష్యులను నమ్ముకొనుటకంటె యెహోవాను ఆశ్రయించుట మేలు’ అంటుంది.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: ‘మనిషి తనంతట తాను చాలినవాడు కాడు, దేవుణ్ణి ఆశ్రయించాలి.’ చాలామంది రాసేలా ‘దేవునిపై ఆశ్రయించాలి’ అనకండి. ఆశ్రయించేది ఒకరిని, ఒకరిపై కాదు.