ఇంట్లో ఉన్న సుబేదారును అడిగారా?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ నుంచి షార్ట్ సర్వీస్ కమిషన్‌లో (మొదట పదేళ్లకే ఇచ్చే ఆఫీసరు ఉద్యోగం) వచ్చాను, ఇప్పుడు మేజర్‌ని. వచ్చే ఏడాదితో పదేళ్లు పూర్తవుతాయి. పర్మనెంట్ కమిషన్‌కు (రిటైరయ్యే వయసుదాకా సర్వీసు) వెళ్లాలా, నాలుగేళ్ల పొడిగింపు తీసుకోవాలా, బయటికొచ్చి కంపెనీలో చేరాలా తేల్చుకోలేక టెన్షన్ పడుతున్నాను. హైదరాబాద్‌లో ఉద్యోగం చూస్తానని మామగారు అంటున్నారు. నాన్నగారు సుబేదారుగా (జవాన్లకు పైన, ఆఫీసర్లకు కింద ఉండే హోదా) రిటైరై శ్రీకాకుళం జిల్లాలో మా ఊళ్లోనే ఉంటున్నారు. నేను ఆర్మీ వదిలేస్తానంటే తట్టుకోలేరు. పాసింగ్ ఔట్ పరేడ్ రోజు నా భుజాలకు నక్షత్రాలు పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి సెల్యూట్ చేశారు. అప్పటి నుంచి పేరు పెట్టి పిలవరు, ‘సాబ్’ అంటారు. ఫోన్ చేస్తే అమ్మకిచ్చేస్తారు. ఈ సంగతి బావగారితో చెప్పిద్దామనుకుంటున్నాను. ఏ దారి మంచిది?

జవాబు: మీరడిగినదానికి జవాబు చిన్నదే. పదేళ్లకు వచ్చేస్తే గ్రాట్యుటీ వస్తుంది, పింఛను రాదు. ఆఫీసర్లకు 20 ఏళ్ల సర్వీసు ఉంటేనే పింఛను. పర్మనెంట్ కమిషన్ అడగ్గానే ఇచ్చేది కాదు, మీ రికార్డు చూసి బోర్డు తేలుస్తుంది. పొడిగింపు తీసుకుంటే ఆ నాలుగేళ్లలో ఎప్పుడైనా రాజీనామా చేయొచ్చు. బయటికొచ్చేవాళ్లకు ఐఐఎంలలో 24 వారాల కోర్సు ఉంది. సివిల్స్‌కు ఐదేళ్ల వయసు సడలింపూ ఉంది. ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. మీ ఉత్తరం ఇందుకు రాసింది కాదు.

మామగారికి తెలిసిన సంగతి నాన్నగారికి తెలియదు. నాకు కోపం వచ్చింది అక్కడే. అల్లుడి ఉద్యోగం గురించి వియ్యంకుడు ఊరంతా వాకబు చేస్తుంటే, కన్నతండ్రి ఆ మాట ఎవరి నోటనో వినాలా? పైగా బావగారి చేత చెప్పిస్తారట! పెళ్లి సంబంధం మాట్లాడటానికి పెద్దమనుషుల్ని పంపుతారు గానీ, తండ్రితో మాట్లాడటానికా?

తట్టుకోలేరని మీకెవరు చెప్పారు? ఎండల్లో, మంచులో బతుకంతా గడిపి వచ్చిన మనిషి. మీ యూనిట్లో సుబేదారును మీరు ఏమని పిలుస్తారు? ‘సాబ్’ అనే కదా. అకాడమీ నుంచి కొత్తగా వచ్చిన లెఫ్టినెంటుకు జవాన్లతో పని ఎలా నడపాలో నేర్పేది ఆయనే. అవసరం పడితే ఇప్పటికీ ఆయన్ని పక్కకు పిలిచి, ‘ఏం చేద్దాం సాబ్’ అని అడుగుతారు. ఇంట్లో ఉన్న సుబేదారును ఈ పదేళ్లలో ఒక్కసారైనా అలా అడిగారా?

ఆయన ‘సాబ్’ అనడం మొదట్లో మురిపెమే అయ్యుంటుంది. కొడుకు ఆఫీసరయ్యాడన్న సంబరం. మీరు దాన్ని నవ్వేసి, ‘నాన్నా, ఇంట్లో ఇదేంటి’ అని ఆ రోజే ఆపాల్సింది. ఆపలేదు. కొన్నాళ్లు మీకూ బాగానే ఉండి ఉంటుంది, కాదంటారా? తర్వాత ఆయనకు అలవాటైంది, మీకు ముల్లయింది.

ఇంకో మాట. ఆయన మీ ఆఫీసర్స్ మెస్‌కు ఎప్పుడైనా వచ్చారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. రాలేదంటే, రమ్మంటే రాలేదా, మీరే పిలవలేదా అన్నది నాకు రాయక్కర్లేదు, మీకు మీరే చెప్పుకోండి.

నా మటుకు, మీరు ఆర్మీలో ఉన్నా బయటికొచ్చినా తప్పు లేదు. పదేళ్లు దేశానికిచ్చారు, ఎవరికీ బాకీ లేరు. తండ్రికి మాత్రం ఒక ప్రశ్న బాకీ ఉన్నారు.

ఈసారి సెలవులో భార్యనూ పిల్లల్నీ రెండు రోజులు ఆలస్యంగా రమ్మని, మీరొక్కరే ముందు వెళ్లండి. మామగారికి ఫోన్ చేసి, ఉద్యోగం మాట కొన్నాళ్లు ఆపమనండి. సాయంత్రం అరుగు మీద నాన్నగారి పక్కన కూర్చుని, ‘నాన్నా, సర్వీసులో 20 ఏళ్లు దాటాక కూడా నీకు ఆర్మీలో ఎందుకు ఉండాలనిపించింది?’ అని అడగండి. ఆయన ‘సాబ్’ అంటే మాత్రం జవాబివ్వకండి. పేరు పెట్టి పిలిచేదాకా అలాగే కూర్చోండి.