బ్రష్ కట్టర్ దారం ఊరికే తెగిపోతోందా? ముందు నీళ్లలో నానబెట్టండి

ప్రశ్న: చీనీ (బత్తాయి) తోటలో గడ్డి కోయడానికి బ్రష్ కట్టర్ కొన్నాను. నైలాన్ దారం మాటిమాటికీ తెగుతోంది, విప్పి చుట్టుకోవడంతోనే పొద్దు పోతోంది. ఇంకా మందంగా ఉండే దారం వేయమంటారా?
– ఒక రైతు, నార్పల, అనంతపురం జిల్లా

జవాబు: మందం సంగతి తర్వాత చూద్దాం అన్నా, ముందు మీ దగ్గరున్న చుట్టలోంచి జానెడు ముక్క కోసి మడిచి చూడండి. పుటుక్కున విరిగిందంటే అది ఎండిపోయినట్టే. నైలాన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమ ఉంటేనే దెబ్బకు విరక్కుండా వంగుతుంది. మన అనంతపురం ఎండలకి రేకుల షెడ్డులో మేకుకు తగిలించిన చుట్టలో తేమ ఎక్కడ మిగులుతుంది చెప్పండి?

చుట్ట మొత్తం మునిగేలా బకెట్ నీళ్లలో 24 గంటలు ఉంచండి, బాగా ఎండినదైతే రెండు రోజులు. తీసి తుడిచి వాడుకోండి, మిగిలింది కవర్లో మూతి కట్టి నీడన పెట్టండి. ఏళ్ల తరబడి ఎండలో పడి ఉన్న దారం మాత్రం నీళ్లతో బాగుపడదు, పారేయండి.

అయినా తెగుతుంటే, మిషన్ ఆపి, దారం బయటికొచ్చే కంతను వేలితో తడమండి. లోపల గాడి పడి ఉంటే ఆ అంచే దారాన్ని కోస్తోంది, ఆ కంత బిళ్ల మార్చాల్సిందే. చుట్టేటప్పుడు బాణం గుర్తు వైపే, ఒకదాని మీద ఒకటి అడ్డం పడకుండా బిగువుగా చుట్టాలి, లేకపోతే వేడికి లోపలే అతుక్కుపోతుంది. మందం మిషన్ పుస్తకంలో 2.4 మి.మీ. అని ఉంటే అంతే వేయండి, 3 మి.మీ. వేస్తే ఇంజన్ మీద భారం పడుతుంది.

మన రాళ్ల నేలల్లో కోసే తీరు కూడా ముఖ్యం. దారం కొస మాత్రమే గడ్డికి తగలాలి, దారం చుట్టిన కట్టర్ తలను నేలకు ఆనించి తోయకూడదు. ముదిరిన వయ్యారిభామ కాడలకు దారం పనికిరాదు, బ్లేడు వేయండి, అసలు పూత రాకముందే కోసేస్తే ఇంకా మేలు.

ఇక నన్ను ఎక్కువగా భయపెట్టేది దారం తెగడం కాదన్నా, అది చీనీ చెట్టు మొదలుకు తగలడం. బెరడు లేచిందంటే ఆ గాయంలోంచే బంక తెగులు శిలీంధ్రం దూరుతుంది, పదేళ్లు పెంచిన చెట్టు పోతుంది. మొదలు చుట్టూ, డ్రిప్ పైపుల పక్కన గడ్డి కొడవలితోనే తీయండి. ఇప్పటికే బెరడు దెబ్బతిన్న చెట్లుంటే ఈ వారంలోనే బోర్డో పేస్టు పూయండి: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు, కలపడానికి ప్లాస్టిక్ బకెట్లే వాడండి.