ఉత్తర్వు చూశాకే మాట: ఉద్యోగుల ప్రశ్నలు, మా సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ ఉద్యోగులు రాసినవే. హక్కుల గురించి, బదిలీలు, పదోన్నతుల గురించి అడుగుతూనే, దాదాపు అందరూ ఏదో ఒక మూల ‘మా సంఘం మాకు సకాలంలో చెప్పలేదు’ అని రాశారు. ఒక ఉద్యోగ సంఘం జిల్లా శాఖలో కొన్నేళ్లు పనిచేసి విరమించినవాడిని కాబట్టి, ఆ మాటలో నా వంతు తప్పు కూడా ఉందని ఒప్పుకొని సమాధానాలు మొదలుపెడుతున్నాను.

ప్రశ్న: మా కార్యాలయంలో ఏ మార్పయినా ముందు వాట్సాప్‌లోనే తెలుస్తుంది. పదవీ విరమణ వయసు మారుతోందని ఈ ఏడాది మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ ఏమీ జరగలేదు. దేనిని నమ్మాలి? సంఘాన్ని అడిగితే ‘మేమూ అదే చూశాం’ అంటున్నారు. (సీనియర్ అసిస్టెంట్, పల్నాడు జిల్లా)

సమాధానం: ‘మేమూ అదే చూశాం’ అన్న సంఘ నాయకుడికి ఆ మాట అనే హక్కు లేదు. సభ్యుడు చందా కట్టేది వార్త కోసం కాదు, ఆ వార్త వెనుక కాగితం ఉన్నదో లేదో కనుక్కొని చెప్పడం కోసం. మీకు వచ్చిన సందేశంలో జీవో నంబరు, తేదీ, జారీ చేసిన శాఖ పేరు ఉన్నాయేమో ముందుగా చూడండి. లేకపోతే దానిని పక్కన పెట్టవచ్చు. ఉంటే, నంబరుకు ముందున్న రెండక్షరాలను కూడా చూడండి. ‘ఎంఎస్’ అని ఉంటే అది సాధారణంగా విధానానికి లేదా నిబంధనకు సంబంధించినది. ‘ఆర్‌టి’ అని ఉంటే సాధారణంగా ఒక వ్యక్తికో ఒక సందర్భానికో పరిమితమైనది. ఎవరో ఒక ఉద్యోగికి ఇచ్చిన ఆర్‌టి ఉత్తర్వును పట్టుకొని ‘మనందరికీ వర్తిస్తుంది’ అని ఊరంతా పంచిపెట్టడం నేను ఎన్నోసార్లు చూశాను. ఉత్తర్వు పైభాగంలో, ‘ఈ కిందివాటిని చదవగా’ అన్న చోట, పాత ఉత్తర్వుల జాబితా ఉంటుంది. దేనిని సవరిస్తున్నారో, దేనిని రద్దు చేస్తున్నారో తెలిసేది అక్కడే. చాలామంది ఆ భాగాన్ని వదిలేసి నేరుగా చివరి పేరాకు వెళతారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో జీవోలను అందరికీ కనిపించే వెబ్‌సైటులో పెట్టడం ఆపివేశారు; 2024లో మళ్లీ మొదలుపెట్టారు. మధ్య కాలంలో సచివాలయం నుంచి ఉత్తర్వు ప్రతిని సంపాదించి జిల్లాలకు పంపడం సంఘాలకు పెద్ద పనే అయింది. ఆ పని చేసిన సంఘాల విలువ అప్పుడే తెలిసింది, చేయనివాటి సంగతీ అప్పుడే తెలిసింది.

విరమణ వయసు విషయానికి వస్తే, ఆంధ్రప్రదేశ్‌లో అది 2014లో 58 నుంచి 60కి, 2022 జనవరి నుంచి 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 61 అయింది. ఈ వయసు పెరగడమే గాని తగ్గదని ఇప్పటి యువ ఉద్యోగులు అనుకుంటారు. 1983 ఫిబ్రవరి 8న ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం దానిని 58 నుంచి 55కి తగ్గించింది. అప్పటికే 55 దాటినవారు అదే నెల 28న, అంటే ఇరవై రోజుల వ్యవధిలో, ఇంటికి వెళ్లవలసి వచ్చింది. 1984 ఆగస్టులో మళ్లీ 58 చేశారు. తగ్గించడం చెల్లుతుందని కె. నాగరాజు కేసులో 1985 జనవరిలో చెప్పిన సుప్రీంకోర్టే, అదే ఏడాది బి. ప్రభాకరరావు కేసులో, మధ్యకాలంలో విరమించి ఇంకా 58 నిండనివారిని తిరిగి విధుల్లోకి తీసుకోవాలని తీర్పు చెప్పింది. అంటే వయసు మార్పు అన్నది నిజంగానే రాత్రికి రాత్రి రాగలదు. అయితే అది వచ్చినప్పుడు నంబరూ తేదీ ఉన్న ఉత్తర్వుగానో ఆర్డినెన్సుగానో వస్తుంది, ఫోనులో ఫొటోగా కాదు.

ప్రశ్న: 317 జీవో అమలులో నన్ను సొంత జిల్లాకు చాలా దూరంగా కేటాయించారు. సీనియారిటీ జాబితాలో నా చేరిక తేదీ తప్పుగా పడిందని తర్వాత తెలిసింది. అప్పుడు సంఘం నాయకులు ధర్నాకు పిలిచారు గాని జాబితా చూసుకోమని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు చేయగలిగింది ఏమైనా ఉందా? (ఉపాధ్యాయురాలు, తెలంగాణ)

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలోని చివరి ఫిర్యాదు నన్ను ఎక్కువగా నొప్పించింది, ఎందుకంటే అది న్యాయమైనది. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు తెలంగాణలో జిల్లా, జోన్, మల్టీజోన్ అనే మూడు స్థాయిల స్థానిక కేడర్లను, అంటే ఆయా ప్రాంతాల పరిధిలోని ఉద్యోగ శ్రేణులను, ఏర్పరచింది. ఆ ప్రకారం 33 జిల్లాలు, 7 జోన్లు, 2 మల్టీజోన్లలోకి ఉన్న ఉద్యోగులను సర్దడానికి వచ్చినదే 2021 డిసెంబరు 6 నాటి 317 జీవో. కేటాయింపులో ఉద్యోగి పుట్టి పెరిగిన జిల్లా ఏదన్నది కాకుండా సీనియారిటీయే ప్రధానమైంది. భార్యాభర్తలు వేర్వేరు జిల్లాల్లో పడిన కుటుంబాలెన్నో. దానిమీద ఆందోళన చేయడం సబబే. కాని సీనియారిటీ ఆధారంగా జరిగే ఏ కేటాయింపులోనైనా ఉద్యోగి భవిష్యత్తు తేలేది రోడ్డు మీద కాదు, నోటీసు బోర్డు మీద అంటించిన తాత్కాలిక జాబితాలో. అందులో పుట్టిన తేదీ, చేరిన తేదీ, నియామక విధానం, ర్యాంకు, వీటిలో ఒక్క గడి తప్పినా గడువులోపల రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. సంఘం బాధ్యత ఆ జాబితా ప్రతిని మండలానికి చేర్చి, ‘ఫలానా తేదీలోపు చూసుకోండి’ అని చెప్పడం.

నా తప్పు ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. ఫోన్లు లేని రోజుల్లో మేము సర్క్యులర్లను సైక్లోస్టైల్ తీసి, కట్టలు కట్టి, తాలూకా కేంద్రాలకు వెళ్లే ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికి ఇచ్చేవాళ్లం. అక్కడి మిత్రుడు బస్టాండుకు వచ్చి తీసుకునేవాడు. ఒకసారి సీనియారిటీ జాబితా అభ్యంతరాల గడువు తెలిపే కట్ట ఒక బస్టాండులోని టీ దుకాణంలో పది రోజులు పడి ఉంది. అందిందో లేదో అని నేను కనుక్కోలేదు. దుకాణదారు దానిమీద గాజు గ్లాసులు బోర్లించి పెట్టాడట. మా మిత్రుడు తెచ్చి చూపినప్పుడు పై కాగితం నిండా గుండ్రటి టీ మరకలు. ఆ తాలూకాలో నలుగురికి గడువు దాటిపోయింది. వారిలో ఒకాయన తన తర్వాత చేరినవాడి కింద పనిచేసి విరమించాడు.

ఇక మీ సంగతి. మీ సర్వీసు రిజిస్టరులో చేరిక తేదీ సరిగ్గా ఉండి, జాబితాలో మాత్రమే తప్పు పడి ఉంటే, రిజిస్టరులోని ఆ పేజీ ధ్రువీకృత ప్రతి జతపరచి, మీ డీడీవో (జీతాల బిల్లులు చేసే అధికారి) ద్వారా నియామకాధికారికి వెంటనే వినతిపత్రం ఇవ్వండి; ఇచ్చినట్లు రసీదు తీసుకోండి. జాబితా తయారీకి వాడిన కాగితాలను సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. అయితే మీకు ఆశ పెట్టి మోసం చేయను. ఏళ్ల తరబడి స్థిరపడిన సీనియారిటీని ఆలస్యంగా కదిలించడానికి కోర్టులు ఇష్టపడవు. మూడు నాలుగేళ్లు దాటిన ఇలాంటి సవాళ్ల విషయంలో సుప్రీంకోర్టు 2009లో శివశంకర్ మహాపాత్ర కేసులో గట్టిగానే చెప్పింది. ఉద్యోగుల సర్వీసు వివాదాలు వినే పరిపాలనా ట్రిబ్యునల్ ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ లేదు కాబట్టి వ్యాజ్యమంటే హైకోర్టుకే. అక్కడికి వెళ్లేముందు వినతిపత్రం, రసీదు చేతిలో ఉండాలి. దూరపు జిల్లా సమస్యకు మాత్రం సీనియారిటీ వివాదంతో పని లేకుండా, పరస్పర బదిలీకి, భార్యాభర్తల బదిలీకి ప్రభుత్వం అప్పుడప్పుడూ ఇచ్చే అవకాశాలను వాడుకోవచ్చు. వాటిలో చేరేముందు కొత్త జిల్లాలో మీ సీనియారిటీ ఏమవుతుందో ఆ ఉత్తర్వులోనే చదవండి.

ప్రశ్న: గ్రామ సచివాలయంలో పనిచేస్తున్నాను. నాకు మెమో ఇవ్వబోతే, తీసుకోవద్దని తోటివారు చెప్పారు. తీసుకోలేదు. ఇప్పుడు రెండు ఇంక్రిమెంట్లు కోస్తామంటున్నారు. (పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, కోనసీమ)

సమాధానం: తీసుకోకపోవడం పొరపాటు. నిరాకరించినంత మాత్రాన మెమో లేనట్లు కాదు; నిరాకరించారని సాక్షులతో రాసుకొని, అందినట్లే భావించి ముందుకు వెళతారు. ఇకమీదట ఏ కాగితం వచ్చినా తీసుకోండి, సంతకం కింద తేదీ, సమయం మీ చేత్తోనే వేయండి. ఆ తేదీ నుంచే మీ గడువు మొదలవుతుంది. సమాధానానికి ఎక్కువ రోజులు కావాలన్నా, పత్రాలు చూడాలన్నా గడువు లోపలే రాసి అడగాలి.

ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల క్రమశిక్షణ నియమావళి (1991) చిన్న శిక్షలకు ఒక దారి, పెద్ద శిక్షలకు మరొక దారి పెట్టింది. 22వ నియమం కింద చిన్న శిక్ష అయితే సంజాయిషీ తీసుకొని, దానిని పరిశీలించి ఉత్తర్వు ఇవ్వవచ్చు. 20వ నియమం కింద పెద్ద శిక్ష అయితే అభియోగాలు, వాటి వివరణ, పత్రాల జాబితా, సాక్షుల జాబితా ఇచ్చి, విచారణాధికారి ముందు విచారణ జరపాలి; అక్కడ మీ తరఫున మాట్లాడటానికి మరొక ఉద్యోగిని సహాయకుడిగా పెట్టుకోవచ్చు. సంఘం అనుభవం మీకు నిజంగా పనికివచ్చే చోటు అదే.

మీరు చెప్పిన రెండు ఇంక్రిమెంట్ల కోతలో ఒక్క మాట కోసం వెతకండి. శాశ్వత ప్రభావం లేకుండా ఆపితే అది చిన్న శిక్ష. శాశ్వత ప్రభావంతో ఆపితే, ఆ లోటు ఉద్యోగం ఉన్నంతకాలం జీతంలోనూ, ఆ తర్వాత విరమణ ప్రయోజనాల్లోనూ వెంటాడుతుంది. కాబట్టి అది పెద్ద శిక్షే అవుతుందని, విచారణ లేకుండా వేయకూడదని సుప్రీంకోర్టు కుల్వంత్ సింగ్ గిల్ కేసులో తేల్చింది. మీకు వచ్చే ఉత్తర్వులో ‘శాశ్వత ప్రభావంతో’ అన్న మాట ఉండి, విచారణ జరగకపోతే, అప్పీలులో మొదటి పేరాగా రాయవలసింది ఇదే. నోటితో ‘కోస్తాం’ అన్నదానికి మాత్రం అప్పీలు ఉండదు, ఉత్తర్వు రానివ్వండి.

ప్రశ్న: మా సంఘానికి ప్రభుత్వ గుర్తింపు లేదు. అందులో సభ్యత్వం తీసుకుంటే చర్య ఉంటుందని పై అధికారి అంటున్నారు. నిజమేనా? (జూనియర్ అసిస్టెంట్, నల్లగొండ)

సమాధానం: కాదు. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చినది. ప్రభుత్వ గుర్తింపు లేని సంఘంలో ఉద్యోగి చేరకూడదన్న కేంద్ర ప్రవర్తనా నియమాన్ని సుప్రీంకోర్టు 1962లోనే ఘోష్, జోసెఫ్ కేసులో కొట్టివేసింది. గుర్తింపు వేరే విషయం. ఉమ్మడి రాష్ట్రంలో 2001లో వచ్చిన గుర్తింపు నియమాల కింద అది వచ్చిన సంఘాన్ని ప్రభుత్వం చర్చలకు పిలుస్తుంది, జాయింట్ స్టాఫ్ కౌన్సిల్‌లో కూర్చోబెడుతుంది, కార్యవర్గ సభ్యులకు బదిలీలలో కొంత వెసులుబాటు ఇస్తుంది. ఆ వెసులుబాటు కోసమే పదవులు పట్టుకొని, ఏడాదికొక డైరీ అచ్చువేయించి దానితో పని అయిందనిపించే నాయకులు ఉన్నారు. డైరీ మంచిదే, డి.ఎ. పట్టికలూ సెలవుల నిబంధనలూ అందులో ఉంటాయి. కాని అది డిసెంబరులో అచ్చయినది, ఉత్తర్వులు జూన్‌లోనూ మారతాయి.

ప్రశ్న: పిల్లల చదువుల వల్ల ఈసారి పదోన్నతి వద్దనుకుంటున్నాను. రెండేళ్ల తర్వాత తీసుకోవచ్చని మా మిత్రులు అంటున్నారు. (సర్వేయరు, అనంతపురం జిల్లా)

సమాధానం: వారి మాట మీద సంతకం పెట్టకండి. 1996 నాటి రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నియమాలలోని 28వ నియమం ప్రకారం, షరతులతో గాని కొంతకాలానికి గాని పదోన్నతి హక్కును వదులుకోవడం కుదరదు. ఒకసారి రాసిస్తే వదులుకున్నట్లే. ఇంట్లో కూర్చొని మాట్లాడుకొన్న తర్వాతే కాగితం ఇవ్వండి. వీలైతే పదోన్నతి తీసుకొని, దగ్గరి ఖాళీ కోసం కౌన్సెలింగ్‌లో ప్రయత్నించడం మేలు.

ప్రశ్న: ప్రభుత్వ ఉద్యోగికి సమ్మె హక్కు ఉందా, లేదా? ఒక్క మాటలో చెప్పండి. (పాఠకుడు, వరంగల్)

సమాధానం: ఒక్క మాటలో అయితే, లేదు. తమిళనాడు ఉద్యోగుల రంగరాజన్ కేసులో 2003లో సుప్రీంకోర్టు చెప్పినది అదే. ప్రవర్తనా నియమాలు కూడా సమ్మెను నిషేధిస్తున్నాయి. శాంతియుత ప్రదర్శన మాత్రం వేరు. ప్రదర్శనలన్నిటినీ కలగట్టి నిషేధించిన బీహారు నియమాన్ని అదే కోర్టు 1962లో చెల్లదంది. ఇక 2011లో మీ వరంగల్‌తో సహా తెలంగాణ అంతటా ఉద్యోగులు 42 రోజులు సకల జనుల సమ్మెలో ఉన్నారు కదా అని మీరు అడుగుతారు. ఉన్నారు, హక్కు లేదని తెలిసే ఉన్నారు. సమ్మె నోటీసు మీద సంతకం కోసం మీ దగ్గరకు వచ్చే నాయకుడు పోయే జీతం ఎంతో, రాగల చర్య ఏమిటో ముందే చెప్పాలి. చెప్పకపోతే మీరే అడగండి, సంతకం ఆ తర్వాత.