పాత స్మైట్, కొత్త వైద్యం

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. రెండు వారాలకోసారి శనివారం రాత్రి ఆరుగురం కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలుగా మారి పాచికలతో కథ నడిపే ఆట) ఆడతాం, కథ నడిపే డీఎం నేనే. మొదలుపెట్టింది 2014 రూల్స్‌తో. ఇప్పుడు ఇద్దరు 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ కొన్నారు, మిగతావాళ్లు మళ్లీ డబ్బు పెట్టం అంటున్నారు. పోయినసారి మా పలాడిన్ (దైవశక్తి ఉన్న యోధుడి పాత్ర ఆడేవాడు) పాత పద్ధతిలో రెండు స్మైట్లు (దెబ్బకి దైవశక్తి జోడించి ఎక్కువ గాయపరచడం) కొట్టి, అదే టర్న్‌లో కొత్త పద్ధతిలో పక్కవాడికి వైద్యం కూడా చేసేశాడు. అదేంటయ్యా అంటే, రెండు పుస్తకాలూ కలిపి వాడుకోవచ్చని కంపెనీయే చెప్పింది కదా అంటాడు. వాడు స్వయానా నా బావమరిది, గట్టిగా అనలేను. ఏం చేయాలి?

జవాబు: మీ బావమరిది చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. 2024లో వచ్చింది ఆరో ఎడిషన్ కాదు, అయిదో ఎడిషన్‌కే మరమ్మతు. అందుకే పాత క్యారెక్టరూ కొత్త క్యారెక్టరూ ఒకే టేబుల్ దగ్గర ఆడొచ్చు. ఆయన చేసింది మాత్రం అది కాదు, ఒకే క్యారెక్టర్‌తో రెండు గిన్నెల మీదా మీగడ తీసుకున్నాడు.

లెక్క చూడండి. 2014లో స్మైట్‌కి విడిగా యాక్షన్ (టర్న్‌లో చేసే ముఖ్యమైన పని) అక్కర్లేదు. దెబ్బ తగిలాక స్పెల్ స్లాట్ (మంత్రాలకి ఉండే కోటాలో ఒకటి) ఖర్చు పెడితే చాలు, కాబట్టి టర్న్‌కి రెండు దెబ్బలు కొట్టే అయిదో లెవెల్ పలాడిన్ రెండూ తగిలితే రెండింటికీ వాడొచ్చు. కానీ అప్పట్లో లే ఆన్ హ్యాండ్స్‌కి, అంటే చేయి తాకించి చేసే వైద్యానికి, పూర్తి యాక్షన్ పోయేది, కొట్టిన టర్న్‌లో వైద్యం కుదరదు. 2024లో వైద్యాన్ని బోనస్ యాక్షన్ (యాక్షన్‌కి తోడుగా చేసే చిన్న పని) చేశారు, స్మైట్‌ని కూడా బోనస్ యాక్షన్‌తో వేసే స్పెల్ చేశారు. టర్న్‌కి బోనస్ యాక్షన్ ఒకటే కాబట్టి ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఏ పుస్తకం తీసుకున్నా ఒకచోట ఇచ్చి మరోచోట కోశారు. ఆయన రెండు చోట్లా ఇచ్చినవి పట్టుకుని, కోసినవి వదిలేశాడు!

కాబట్టి ఒక క్యారెక్టర్‌కి ఒకే పుస్తకం. పాత పలాడిన్నే ఉంచుకుంటానంటే సరే, అప్పుడు వైద్యం కూడా పాతదే. కొత్తదానికి మారితే రోజుకో స్మైట్ స్లాట్ ఖర్చు లేకుండా వస్తుంది, ఆయుధాలకు మాస్టరీలూ (ప్రత్యేక ప్రభావాలు) వస్తాయి, ఆ సంగతి ముందు చెప్పండి, సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

క్యారెక్టర్ సంగతి అలా ఉంచితే, టేబుల్ మీద అందరికీ తగిలే రూల్స్ ఉంటాయి, వాటిలో మాత్రం మనిషికొకటి అస్సలు పనికిరాదు. అష్టాచెమ్మాలో ఒక ఇంట్లో కాయ చంపందే లోపలి గళ్లలోకి పోనివ్వరు, ఇంకో ఇంట్లో ఆ పట్టింపే లేదు. ఎవరింట్లో ఆడితే వాళ్ల రూలు, కానీ ఒకే ఆటలో రెండూ అంటే ఆట చెడగొట్టుకోవడమే. ఇక్కడ ఎగ్జాషన్ (అలసట) తీసుకోండి. పాత పద్ధతిలో మొదటి మెట్టు మీద ఎబిలిటీ చెక్స్‌కి (బలం, తెలివి లాంటి లక్షణాలను పరీక్షించే రోల్స్‌కి) మాత్రమే డిసడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవడం), కత్తి తిప్పడానికి ఏ అడ్డూ లేదు. కొత్త పద్ధతిలో ఒక్కో మెట్టుకీ ఇరవై ముఖాల పాచిక వేసే ప్రతి రోల్‌లోనూ 2 తగ్గుతుంది, నడకలో 5 అడుగులు పోతాయి. రాత్రంతా నిద్ర లేకుండా కలిసి నడిచిన ఇద్దరిలో ఒకడు మామూలుగా కొడుతూ, ఇంకొకడు తూలుతుంటే ఎలా? ఇలాంటివి, పోషన్ తాగడం, పట్టుకుని లాగడం, అన్నీ కొత్త పద్ధతిలోనే పెట్టేయండి. క్యూర్ వూండ్స్ లాగా ఒకే పేరుతో రెండు పుస్తకాల్లోనూ ఉన్న స్పెల్స్‌కి కూడా కొత్తదే.

ఇంకో దొంగదారి ఉంది, అది కూడా మూసేయండి. పాత రూల్స్‌లో మౌంటెన్ డ్వార్ఫ్ జాతి పాత్రకి పుట్టుకతోనే రెండు ఎబిలిటీల్లో చెరో 2 వస్తాయి. కొత్తలో ఆ పాయింట్లు బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర గత జీవితం) నుంచి వస్తాయి, మొత్తం 3. పాత డ్వార్ఫ్‌కి కొత్త బ్యాక్‌గ్రౌండ్ తగిలిస్తే 7 అవుతాయి. పుట్టుక పాయింట్లు వదిలేయాలని కొత్త పుస్తకంలోనే రాసి ఉంది.

కొననివాళ్లను కొనమని ఒత్తిడి చేయకండి. 2025లో ఎస్ఆర్‌డీ 5.2 పేరుతో కొత్త రూల్స్‌లో ముఖ్యమైనవన్నీ ఉచితంగా విడుదల చేశారు, పన్నెండు క్లాసులూ (పలాడిన్ లాంటి పాత్ర రకాలు) ఉన్నాయి, క్లాసుకి ఒక్కో సబ్‌క్లాస్ చొప్పున. మీకు చాలు.

ఇదంతా ఆట మధ్యలో చెప్పకండి, అందరి ముందూ బావమరిదిని ఆపితే ఆ రాత్రి భోజనం దగ్గర ఎవరూ మాట్లాడరు. వచ్చే శనివారం మొదటి గంట పాచికలు తీయకుండా షీట్లు ముందేసుకోండి. పాతదా కొత్తదా అని ఆయన్నే ముందు అడగండి.

ప్రశ్న: 2014 రూల్స్ కోసం రాసిన పాత అడ్వెంచర్ నా దగ్గర ఉంది. కొత్త క్యారెక్టర్లతో నడపొచ్చా?

జవాబు: నిక్షేపంగా. మ్యాపులు, కథ, నిధులు, డీసీ అంకెలు (పని నెగ్గడానికి రోల్‌లో రావాల్సినవి) ముట్టుకోకండి. రాక్షసుల్ని అదే పేరుతో 2025 మాన్‌స్టర్ మాన్యువల్ నుంచి తెచ్చుకోండి, అందులో లేకపోతే పాతదే. ఓర్క్‌కి కొత్తదాంట్లో విడిగా స్టాట్ బ్లాక్ (బలాబలాల పట్టిక) లేదు, వెతుక్కుని టైం వేస్ట్ చేసుకోకండి. మాటు వేసి దాడి చేసే సీన్ల దగ్గర మాత్రం చూసుకోండి. పాత రూల్ ప్రకారం సర్‌ప్రైజ్ అయినవాడు మొదటి టర్న్‌లో కదలలేడు, ఏమీ చేయలేడు. కొత్తలో ఇనీషియేటివ్‌కి (ఎవరి వంతు ముందో తేల్చే రోల్‌కి) డిసడ్వాంటేజ్ అంతే. పొదల్లోంచి దూకిన గోబ్లిన్లు అనుకున్నంత భయపెట్టవు, ఇంకో ఇద్దర్ని చేర్చుకోండి.