గంప కమ్మే వేళ: దొడ్లో కోళ్ళ గురించి మీ ప్రశ్నలు

వానలు పడ్డాక ఉత్తరాలు పెరిగాయి. ఈ నెల వచ్చినవాటిలో ఎక్కువ భాగం చచ్చిపోయిన కోళ్ళ గురించే. చదువుతుంటే మనసు బాధగా ఉంది. పది కోళ్ళు పోవడమంటే ఆ ఇంట్లో పిల్లల గుడ్డు, పండక్కి కూర, అవసరానికి చేతికొచ్చే నాలుగు రూపాయలు అన్నీ పోవడమే. అందుకని మొదటి ఉత్తరానికి వివరంగా రాస్తున్నాను. తక్కినవాటికి కొంచెం క్లుప్తంగా.

మా దొడ్లో పదిహేను నాటు కోళ్ళుండేవండి. నాలుగు రోజుల్లో పదకొండు పోయాయి. ముందు ముడుచుకుని కూర్చున్నాయి, పచ్చగా పారాయి, నోరు తెరిచి గురగురమంటూ ఊపిరి తీశాయి. ఒకదానికి మెడ మెలితిరిగి ఆకాశంలోకి చూస్తూ ఉండిపోయింది. షాపులో ఇచ్చిన మాత్రలు వేస్తే పని చెయ్యలేదు. మా అత్తగారు దిష్టి అంటున్నారు. మిగిలిన నాలుగింటిని ఎలా కాపాడుకోను?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు దగ్గర పల్లె

అమ్మా, దిష్టి కాదు. మీరు రాసిన గుర్తులు కొక్కెర తెగులువి. డాక్టర్లు రాణిఖేత్ అనేది దీన్నే. ఇది వైరస్ జబ్బు, పట్టుకున్నాక మందు లేదు. మాత్రలు పని చెయ్యలేదని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. అయితే బర్డ్ ఫ్లూ కూడా చూడ్డానికి ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఇన్ని కోళ్ళు ఒక్కసారి పోయాయి కాబట్టి ఆలస్యం చెయ్యకుండా పశువుల ఆసుపత్రిలో చెప్పండి. 1962 నంబరుకు ఫోన్ చేసినా వింటారు.

నాకూ ఇలాగే జరిగింది. ముప్పై ఏళ్ళ కిందటి మాట. సంతలో ఒక నల్ల పెట్టను కొన్నాను. అమ్మినతను "ఇవాళ పొద్దున్నే గుడ్డు పెట్టిందమ్మా" అన్నాడు. నమ్మి, ఇంటికి తెచ్చి అదే సాయంత్రం మా కోళ్ళతో కలిపి గంప కింద కమ్మేశాను. ఆరో రోజుకి అది ముడుచుకుంది. ఆ తర్వాత వారం తిరిగేసరికి ఇరవై మూడింటిలో రెండే మిగిలాయి. చచ్చిన పెట్టను ఎత్తినప్పుడు తోక కింద చూశాను. ఈకలకు పచ్చటి రెట్ట అంటుకుని అట్టకట్టి ఉంది. అది ఒక్క రోజులో పట్టిన అట్ట కాదు. సంతలో ఒక్కసారి తోక ఎత్తి చూసి ఉంటే నాకు అక్కడే తెలిసేది. అప్పటినుంచి కొత్త కోడి ఏది వచ్చినా మూడు వారాలు వంటింటి వెనక వేరే గంపలోనే. మేత వేరు, నీళ్ళ చిప్ప వేరు. ముందు పాతవాటికి మేత వేసి, ఆ తర్వాతే కొత్తదాని దగ్గరికి వెళ్తాను.

మీ నాలుగింటినీ ఇప్పుడు వదలకండి. నీడలో, పొడి చోట కట్టడి చెయ్యండి. చచ్చిన కోళ్ళను మాత్రం కాలువలో వెయ్యకండి, మీకు దణ్ణం పెట్టి చెబుతున్నాను. మన డెల్టాలో ఎగువ ఊరి కాలువ నీళ్ళే దిగువ ఊరి కోళ్ళు తాగుతాయి. మీ దొడ్డి నుంచి పోయిన తెగులు రెండు రోజుల్లో నాలుగు ఊళ్ళు తిరుగుతుంది. వానాకాలం రెండడుగులు తవ్వితే మనకు నీరూరుతుంది, నిజమే. అందుకని దొడ్లో మెరక చోటు చూసి గొయ్యి తీసి, కింద సున్నం, పైన సున్నం వేసి, కుక్కలు తవ్వకుండా రాళ్ళు పెట్టండి. పాత ఊకంతా ఎత్తి తగలబెట్టండి. గంపలు, గూడు కడిగి ఎండలో పడేసి, నేలకు సున్నం చల్లి, కనీసం నెలన్నర ఆగి కొత్త పిల్లల్ని తెచ్చుకోండి.

ఇక టీకా సంగతి. పిల్ల పుట్టిన వారం లోపు లసోటా చుక్క ఒకటి కంట్లోనో ముక్కులోనో వెయ్యాలి. నాలుగో వారంలో మళ్ళీ లసోటా. రెండు నెలలు నిండాక ఆర్‌టూబీ అని రెక్క కింద చర్మంలోకి ఇంజెక్షన్. అంతకంటే చిన్న పిల్లలకు ఆర్‌టూబీ చేయించకూడదు, తట్టుకోలేవు. జబ్బు చేసిన కోడికి ఏ టీకా వద్దు. నట్టల మందు ఒక వారం ముందే తాగిస్తే టీకా బాగా పడుతుంది.

ఇదంతా చాలామందికి తెలుసు. అయినా ఎందుకు చేయించరంటే, సీసా దగ్గర ఆగిపోతారు. ఒక్క సీసాలో వంద, రెండొందల కోళ్ళకు సరిపడా మందు ఉంటుంది. ఒకసారి కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి, మర్నాటికి పనికిరాదు. పది కోళ్ళున్న ఇల్లాలు ఒక్కతే సీసా తెప్పించుకోలేదు. మా వీధిలో మేం దీనికి ఒక దారి చేసుకున్నాం. ఇంటింటికీ తిరిగి కోళ్ళు లెక్క రాసుకుంటాం. వంద దాటగానే పశువుల ఆసుపత్రి వాళ్ళకు చెప్పి, తెల్లవారుజామున, ఇంకా ఏ కోడినీ వదలకముందే, అందరిళ్ళలో ఒకేసారి వేయించేస్తాం. మందు ఫ్లాస్కులో ఐసు ముక్కల మధ్య వస్తుంది. అలా రాకపోతే వెయ్యనివ్వను. వేడి తగిలిన మందు నీళ్ళతో సమానం. సంక్రాంతికి ఊళ్ళోకి కోళ్ళ రాకపోకలు ఎక్కువ కాబట్టి, డిసెంబరు మొదటి వారంలోపు అయిపోవాలని పట్టుబడతాను. మీ అత్తగారిని కూడా వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్ళండి. పెద్దావిడ అడిగితే ఎవరూ కాదనరు.

మరొకటి. సాయంత్రం గంప కమ్మేటప్పుడు "బో బో" అని పిలిచి నూకలు చల్లి, గుంపుగా తోసెయ్యకండి. ఒక్కొక్కదాన్నీ చేత్తో పట్టుకోండి. రొమ్ము ఎముక వేలికి కత్తి అంచులా తగిలితే అది కొన్ని రోజులుగా తినట్లేదన్నమాట. మెడ కింద తిత్తి నూకలతో నిండుగా ఉండాలి. రెక్క విప్పి పేలు ఉన్నాయేమో చూడండి, తోక ఎత్తి చూడండి. కోడికి అర నిమిషం పట్టదు. పగలంతా హుషారుగా కనిపించిన కోడి జబ్బు కూడా చేతికి దొరికిపోతుంది.

మాది రాజోలు వైపు లంక ఊరు. గోదావరి వస్తుందంటే గేదెల్ని గట్టెక్కిస్తాం, కోళ్ళు మాత్రం ప్రతిసారీ పోతున్నాయి. ఏం చెయ్యాలి?
– ఒక రైతు

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటిపోయినప్పుడు మా చెల్లెలి ఇంట్లోనూ ఇదే జరిగిందండి. గేదెలు, బియ్యం, పాస్‌బుక్కులు గట్టెక్కాయి. చీకటి పడ్డాక కోళ్ళు గుర్తొస్తే, అప్పటికే అవి కొబ్బరి తోటలో చెట్లపైకి చెదిరిపోయాయి. చీకట్లో ఎవరు పట్టగలరు?

ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మీరు రెండో హెచ్చరిక దాకా ఆగకండి. భద్రాచలం దగ్గర నీరు పెరుగుతోందని విన్న రోజు సాయంత్రమే కోళ్ళను గంప కమ్మి, మర్నాడు వదలడం మానెయ్యండి. కట్టడిలో ఉన్న కోడిని ఎప్పుడైనా ఎత్తుకెళ్ళొచ్చు. గంపల అడుగున చిరిగిన గోనె కుట్టి సిద్ధంగా ఉంచుకుంటే తలకిందులు చేసి పైన వల కట్టి పడవలో పెట్టెయ్యొచ్చు. ఒక గంపలో ఆరేడుకు మించి కుక్కకండి, ఊపిరాడక పోతాయి. పుంజుల్ని విడిగా పెట్టండి. మూత ఉన్న డ్రమ్ములో అయిదు కిలోల నూకలు, తవుడు ముందే దాచుకోండి. పెద్ద కోడికి రోజుకి వంద గ్రాములు పైచిలుకు సరిపోతుంది. వరద తీసాక తడిసిన ధాన్యం, బూజు పట్టిన తవుడు కోళ్ళకు వెయ్యకండి. నీళ్ళల్లో పోని కోళ్ళు ఆ బూజుకి పోతాయి.

పెట్ట కింద పద్నాలుగు గుడ్లు పెడితే అయిదే పిల్లలయ్యాయి. ఆ వారం ఉరుములు బాగా ఉరిమాయి. గంపలో ఇనుప ముక్క పెట్టలేదని మా పక్కింటావిడ అంటున్నారు.
– ఒక పాఠకురాలు, అమలాపురం

ఇనుప ముక్క పెట్టినా ఏ నష్టమూ లేదు, కాని గుడ్లు పాడయ్యింది ఉరుముకి కాదు తల్లీ. మీ పద్నాలుగు గుడ్లూ ఎన్నాళ్ళు పోగు చేశారు? రెండు రోజులకో గుడ్డు పెట్టే పెట్టవైతే మొదటి గుడ్డుకి ఇరవై రోజులు దాటి ఉంటుంది. ఉక్కపోత రోజుల్లో గుడ్డు వారం దాటితే పొదగడానికి పనికిరాదు. వారం లోపలివే ఏరి, చల్లటి చోట ఇసక కుండలో మొన కిందికి ఉండేలా నిలబెట్టి దాచండి. నాటు పెట్ట కింద పది, పన్నెండు చాలు. ఎక్కువ పెడితే అంచున ఉన్నవాటికి వేడి అందదు. రోజూ అంచుది మధ్యకు, మధ్యది అంచుకు పెట్టకోడే దొర్లిస్తుంది కాబట్టి వంతులవారీగా అన్నీ చల్లబడతాయి.

ఏడో రోజు రాత్రి దీపాలు ఆర్పి, గుడ్డును టార్చి ముందు పెట్టి చూడండి. సాలెగూడులా సన్నటి ఎర్ర నరాలు, మధ్యలో కదిలే చుక్క కనిపిస్తే పిల్ల కడుతోంది. ఏమీ లేకుండా తేటగా ఉంటే పుంజు తొక్కని గుడ్డు, తీసెయ్యండి. ఎనిమిది, పది పెట్టలకు ఒక మంచి పుంజు ఉండాలి. నేను మొదటిసారి ఆ చుక్క చూసిన రాత్రి మా ఆయన్ని నిద్ర లేపి మరీ చూపించాను. ఇప్పటికీ ఏడో రాత్రి వస్తే నాకు అదే సంబరం. గంపలో ఊక కింద గుప్పెడు బూడిద, ఎండు వేపాకు వెయ్యండి. పేలు పట్టిన పెట్ట గుడ్లు వదిలి లేచిపోతుంది. ఇరవై ఒకటో రోజు పెట్టను కదపకండి.

వనరాజా పెట్టలు బాగా పెట్టాయి కాని పొదుగుడుకి రావట్లేదు. ఏమైనా లోపమా?
– ఒక పాఠకుడు, ఆచంట

లోపం కాదండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థలో తయారైన రకం అది. గుడ్లు ఎక్కువ పెట్టాలని ఎంచి చేసినవాటికి పొదిగే బుద్ధి తగ్గిపోతుంది. ఒక్క నాటు పెట్టను దొడ్లో ఉంచుకుని గుడ్లు దాని కిందే పెట్టండి. అయితే మీ దొడ్లోనే పుట్టిన రెండో తరం మొదటివాటంత బాగా పెట్టదు. గుడ్ల కోసమే అయితే కొత్త పిల్లల్ని కొనుక్కోవడం మేలు.

బర్డ్ ఫ్లూ అంటే టెన్షన్‌గా ఉంది. ఇంట్లో రెండేళ్ళ బాబు. కోళ్ళు తీసెయ్యమంటారా?
– ఒక తల్లి, తణుకు

మీ భయం నాకు అర్థమవుతుంది. 2025 ఫిబ్రవరిలో మీ పక్క వేల్పూరులోను, పెరవలి మండలం కానూరు అగ్రహారంలోను వచ్చింది. అప్పుడు మీరు కళ్ళారా చూసి ఉంటారు. ఇప్పుడు మీ కోళ్ళు ఆరోగ్యంగా ఉంటే తీసెయ్యనక్కర్లేదు. బాబుని మాత్రం గూటి దగ్గర కూర్చోనివ్వకండి, కోడిని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగండి. గుడ్డు పచ్చసొన గట్టిపడేదాకా ఉడకనివ్వండి, హాఫ్ బాయిల్ వద్దు. డెబ్భై డిగ్రీల వేడికి ఆ వైరస్ బతకదు. బాతులు, కోళ్ళు ఒకే చిప్పలో తాగనివ్వకండి. శీతాకాలం వలస పిట్టలు వాలే చెరువు గట్లకు మీ కోళ్ళు పోకుండా చూసుకోండి. చచ్చిన కోడి దొరికితే, ఎవరెంత చెప్పినా, ఈకలు పీకి కూర వండకండి. చేతికి సంచి తొడుక్కుని పూడ్చి, ఆసుపత్రిలో చెప్పండి.

రెండు మేకలు కొన్నాం. వానకు ఏం జాగ్రత్త?
– ముమ్మిడివరం

తడి నేల మీద పడుకోనివ్వకండి. వెదురు బద్దలతో అడుగున్నర ఎత్తు మంచె వేస్తే గిట్టలు చెడవు. తొలకరి తర్వాత లేత గడ్డి ఒక్కసారిగా మేస్తే చిటుక రోగం వస్తుంది. పొద్దున కడుపు నిండా తినే మేక సాయంత్రానికి పోతుంది. దాని టీకా వానలకు ముందే వేయించాలి. ఈ ఏడాది ఆలస్యమైంది కాబట్టి రేపే వెళ్ళండి. లేత గడ్డికి వదిలే ముందు కొంచెం ఎండుమేత వెయ్యండి.

చెరువు లేకుండా బాతుల్ని పెంచొచ్చా? మావి గుడ్లు ఎక్కడ పెడుతున్నాయో దొరకట్లేదు.
– భీమవరం

పెంచొచ్చు. ముక్కు, కళ్ళు మునిగేంత లోతున్న తొట్టె చాలు. గుడ్లు తెల్లవారుజామునే పెట్టేస్తాయి. మీరు ఆరింటికే వదులుతున్నట్టున్నారు. తొమ్మిదింటి దాకా ఆపండి, అన్నీ ఊకలోనే దొరుకుతాయి. బూజు మేతకి కోడికన్నా బాతు ముందు పోతుంది, గుర్తుంచుకోండి.

అమ్మమ్మ గారూ, మా కోళ్ళు వంగ మొక్కలన్నీ గీకేస్తున్నాయి. నాన్న కోళ్ళను అమ్మేస్తానంటున్నారు.
– తొమ్మిదో తరగతి విద్యార్థి, మొగల్తూరు

నాన్నగారికి నా మాటగా వారం గడువు అడుగు బాబూ. నరసాపురం వైపు వేటకెళ్ళే వాళ్ళ దగ్గర చిరిగిన వలలు చౌకగా దొరుకుతాయి. నాలుగడుగుల కర్రలు పాతి మడి చుట్టూ వల కట్టు. కింద ఒక అడుగు వల బయటికి పరిచి ఇటుకలు పెట్టు, లేకపోతే కింద నుంచి దూరిపోతాయి. వల బిగుతుగా ఉండాలి. వదులైతే కోడి కాళ్ళు చిక్కుకుంటాయి, పాములూ చిక్కుకుంటాయి. కాపు అయిపోయి మొక్కలు పీకేశాక వల విప్పి కోళ్ళను మడిలోకి వదులు. పురుగులు, గడ్డి విత్తనాలు ఏరి తిని, మట్టి గుల్ల చేసి, ఎరువు వేసి పెడతాయి. అప్పుడు నాన్నగారిని పిలిచి చూపించు.