నాన్నకు 58 నిండుతున్నాయి, నేను చదువు మానేయాలా?

ప్రశ్న: మా నాన్న ఒక ప్రైవేటు మెషిన్ షాపులో 24 ఏళ్లుగా టర్నర్ (లేత్ మెషిన్ మీద పనిచేస్తారు). వచ్చే ఏడాది 58 నిండుతాయి, అక్కడ అదే రిటైర్మెంట్. ప్రభుత్వంలో 61 చేశారు, నాకెందుకు లేదని బాధపడుతున్నారు. నేను మెకానికల్ డిప్లొమా చివరి ఏడాది. డిప్లొమా వాళ్లు బీటెక్‌లో చేరడానికి రాసే ఈసెట్ మానేసి ఉద్యోగంలో చేరనా?

జవాబు: ఈసెట్ రాయమ్మా. ర్యాంకు వచ్చాక బీటెక్కా, ఉద్యోగమా అని తేల్చుకోవచ్చు. ఇప్పుడు చూడాల్సింది నాన్నగారి సంగతి.

తెలంగాణ 2021లో 58 నుంచి 61కి, ఆంధ్రప్రదేశ్ 2022లో 60 నుంచి 62కి పెంచింది ప్రభుత్వ ఉద్యోగులకే. ప్రైవేటులో అపాయింట్‌మెంట్ లెటర్, కంపెనీ స్టాండింగ్ ఆర్డర్స్ (ఉద్యోగ నిబంధనలు) ఏం చెబితే అది. కానీ 58 తర్వాత కొనసాగించకూడదని ఏ చట్టమూ చెప్పదు. కాబట్టి అడగాలి, అదీ ఇప్పుడే. వీడ్కోలు దండ పడ్డాక అడిగితే ఎవరూ వినరు.

ఏం అడగాలన్నదే అసలు విషయం. 'ఇంకో రెండేళ్లు ఉంచండి' అంటే దయ అడిగినట్టుంటుంది. నాన్నగారు లేత్ చప్పుడు మారగానే టూల్ అరిగిందని చెప్పేస్తారు కదా! కొత్త కుర్రాడు ఆ సంగతి జాబ్ (మెషిన్ మీద చెక్కే ముక్క) పాడయ్యాక గానీ తెలుసుకోలేడు. అందుకే నైట్ షిఫ్టు, బరువైన జాబ్‌లు ఎత్తడం తీసేసి, సెట్టింగ్, తనిఖీ, అప్రెంటిస్‌లకు నేర్పడం ఇవ్వమని అడగమనండి. కొలత తీసే వెర్నియర్‌ను దూరంగా పట్టుకుని కళ్లు చికిలించి చదువుతున్నారా? అయితే డిజిటల్ కాలిపర్, మెషిన్ మీద మంచి లైటు కూడా అడగండి.

ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. జర్మనీ పెన్షన్ వయసును 67కి పెంచుతూ చట్టం చేసిన 2007లోనే, డింగోల్‌ఫింగ్‌లోని బీఎండబ్ల్యూ ఫ్యాక్టరీ, కార్మికుల సగటు వయసు 47 ఉండేలా ఒక ఉత్పత్తి లైను పెట్టింది. చెక్క నేల, కూర్చుని పనిచేసే కుర్చీలు, భూతద్దాలు లాంటివి సుమారు 70 మార్పులు చేశారు. చాలావరకు కార్మికులు చెప్పినవే. ఏడాదిలో ఉత్పాదకత 7 శాతం పెరిగింది. కాగితం మీద వయసు పెంచి, పనిని మాత్రం పాతికేళ్లవాడి ఒంటికి తగ్గట్టే ఉంచితే పెద్దవాళ్లు నిలబడలేరు. నాకు మాత్రం మన ఫ్యాక్టరీలు ఆ పని చేయకపోవడమే బాధ.

డబ్బు లెక్కలు కూడా చూసుకోండి. పదేళ్ల సర్వీసుంటే పీఎఫ్ పెన్షన్ 58కి మొదలవుతుంది, పనిలో ఉన్నా తీసుకోవచ్చు. 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం చొప్పున పెరుగుతుంది. 58 తర్వాత మామూలుగా పెన్షన్ ఫండ్‌కు కోత ఉండదు, యజమాని వాటా అంతా పీఎఫ్ ఖాతాకే వెళ్తుంది. రిటైర్ చేసి కాంట్రాక్టు మీద మళ్లీ తీసుకుంటామంటే, ముందు అప్పటిదాకా చేసిన సర్వీసు మొత్తానికి గ్రాట్యుటీ చేతికి రావాలి. 30 రోజుల్లో ఇవ్వాలి. కొత్త జీతం, పని గంటలు కాగితం మీద ఉండాలి. ఈఎస్ఐలో ఐదేళ్లు ఉండి రిటైరైతే, ఏడాదికి 120 రూపాయలు కట్టి ఆయనకూ అమ్మకూ వైద్యం కొనసాగించుకోవచ్చు.

ఈ ఆదివారం ఆయన పక్కన కూర్చుని, ఆ షాపులో ఆయన ఒక్కరికే వచ్చిన పనులేమిటో అడిగి రాయమ్మా. మీరు మెకానికల్ కాబట్టి ఆయన చెప్పేది అర్థమవుతుంది. ఆ కాగితమే ఆయన మేనేజర్ ముందు పెట్టాలి.