పాప మెకానికల్ అంటోంది, ఇంట్లో ఐఓటీ అంటున్నారు

ప్రశ్న: మాది బంగారుపాళెం దగ్గర పల్లె. మూడెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. మా పాప ఎంపీసీ అయ్యి ఈఏపీసెట్ రాసింది. ర్యాంకును బట్టి తిరుపతి యూనివర్సిటీ కాలేజీలో మెకానికల్ గానీ, ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ ఐఓటీ గానీ రావచ్చంటున్నారు. ఫ్యాక్టరీలన్నీ ఇక ఐఓటీ మీదే నడుస్తాయని, అది కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పనేనని మా బావమరిది చెప్పాడు. పాపేమో మెకానికల్ చదివి శ్రీసిటీలో ప్రొడక్షన్ ప్లానింగ్‌లో చేరతానంటోంది. బాధ్యత తెలిసిన పిల్లే. సీజన్‌లో నేను పల్ప్ ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ లైన్లో ఉంటే రాత్రిపూట అన్నం క్యారియర్ తనే తెస్తుంది. కానీ ఆడపిల్లకు ఫ్యాక్టరీ ఏంటని ఇంట్లో టెన్షన్. ఆప్షన్లు నెట్ సెంటర్‌లో నేనే పెట్టిస్తున్నాను. ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: అన్నా, మీరు అడిగింది రెండు బ్రాంచిల సంగతి. ఉత్తరంలో నాకు కనబడింది మాత్రం ఆడపిల్లను ఫ్యాక్టరీ గేటు దాటించాలంటే మీకున్న భయం. ఏటా అడ్మిషన్ల వేళ ఇదే భయం నా దగ్గరకు వస్తుంది. ఊరు, బ్రాంచి పేరు మాత్రమే మారతాయి. అందుకే పోలిక తర్వాత చూద్దాం.

ఐఓటీ అంటే ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్, వస్తువులకు, మెషీన్లకు సెన్సర్లు పెట్టి వాటి సమాచారం నెట్ ద్వారా కంప్యూటర్‌కు చేర్చడం. ఫ్యాక్టరీ తప్పించుకోవచ్చని అది తీసుకుంటే మోసపోతారు. సెన్సర్ బిగించేది మెషీన్‌కే. అది తప్పు అంకె చూపిస్తే వెళ్లి చూడాల్సిందీ ఆ మెషీన్ దగ్గరికే.

నేను కౌన్సెలింగ్‌లోకి రాకముందు ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో ఆరేళ్లు ప్లానింగ్ చూశాను. అక్కడ కంప్యూటర్ ఆదేశాలతో ఇనుము కోసే ఒక సీఎన్‌సీ మెషీన్ మీద పీసుకు మూడు నిమిషాలు పట్టేది. భోజనం, టీ పోను షిఫ్టుకు ఏడు గంటలు నడుస్తుందని ప్లాన్‌లో 140 పీసులు రాసేవాళ్లం. వచ్చేవి 105. లాగ్‌బుక్ తెరిస్తే ‘రిపేరు 20 ని.’ అని ఒకే వరుస ఉండేది, అదీ షిఫ్టు దిగేటప్పుడు గుర్తున్నంత రాసింది. తగ్గిన 35 పీసులంటే 105 నిమిషాలు. తక్కిన 85 నిమిషాలు ఎటు పోయాయో ఎవరూ చెప్పలేకపోయారు. అసెంబ్లీ వాళ్లు పీసుల కోసం ఎదురుచూస్తూ కూర్చునేవాళ్లు. ఆదివారం ఓటీ పెట్టేవాళ్లం. డెలివరీ తేదీ ఒప్పుకున్న నేను ఫోన్‌లో మాటలు పడేవాణ్ని.

ఒకరోజు మెయింటెనెన్స్ కుర్రాడు మోటారుకు వెళ్లే కేబుల్ చుట్టూ గాజులాంటి కరెంట్ సెన్సర్ ఒకటి తగిలించాడు. ఇనుము కోస్తున్నప్పుడు మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఖాళీగా తిరిగితే తక్కువ. ఆ తేడా ఎప్పటికప్పుడు కంప్యూటర్‌కు చేరేసరికి అసలు విషయం బయటపడింది. మెషీన్ షిఫ్టులో 34 సార్లు ఆగుతోంది. ఆగిన ప్రతిసారీ రెండు మూడు నిమిషాలే. అంత చిన్నవాటిని లాగ్‌బుక్‌లో ఎవరు రాస్తారు?

ఆగిందని చెప్పింది సరే, ఎందుకు ఆగిందో సెన్సర్‌కు తెలియదు. అందుకని మెషీన్ పక్కన టూల్, డబ్బా, చెకింగ్, రిపేరు అని నాలుగు బటన్లు పెట్టారు. ఆపరేటర్లు తమ మీద నిఘా పెట్టారనుకుని దేనికైనా ‘టూల్’ బటనే నొక్కేవాళ్లు. పుత్తూరు వైపు నుంచి కొత్తగా చేరిన డిప్లొమా అమ్మాయి రెండు షిఫ్టులు ఆ మెషీన్ పక్కనే నిలబడింది. పీసులు వేసే డబ్బా నిండితే, ఖాళీ డబ్బా కోసం ఆపరేటర్ షెడ్డు అవతలి కొసకు నడిచి వెళ్తున్నాడని కనిపెట్టింది ఆ పిల్లే. ట్రాలీ వచ్చే వేళలు మార్చారు. ప్లాన్‌లో 140 కొట్టేసి 125 రాశాం, 125 వచ్చాయి. ఆ నెల ఆదివారాలు నేను ఇంట్లో ఉన్నాను.

మీ పాప అడుగుతున్న పని ఇదే. ఇందులో ఉన్న సుఖం మీకు నాకంటే బాగా తెలియాలి. పల్ప్ ఫ్యాక్టరీలో కాయ మాగబెట్టే గదులుంటాయి కదా, ఏ గది రేపటికి సిద్ధమవుతుందో, ఏది ఎల్లుండికో కాయ నొక్కి చూసి అంచనా వేస్తే ఒక లెక్క. గదిలో వేడి, తేమ గంట గంటకూ తెలుస్తుంటే ఇంకో లెక్క. ఏ గది ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలిస్తే రేపు ఎన్ని ట్రాక్టర్లు రావాలో ఇవాళే ఫోన్ చేసి చెప్పొచ్చు. కిలో ధర పడిపోతే సెన్సర్ ఏమీ చేయలేదు. రాత్రంతా లైన్లో పడి ఉండే బాధ మాత్రం కొంత తగ్గించగలదు. ఆ లైన్లోకి క్యారియర్ తెచ్చిన పిల్లకు ప్లానింగ్ మీద మనసు ఎందుకు పోయిందో మీరు ఒక్కసారైనా అడిగారా? రాత్రిపూట ట్రాక్టర్ల మధ్యకు పంపడానికి లేని భయం, పగలు ఫ్యాక్టరీ బస్సు ఎక్కించడానికి ఎందుకు? మాట కటువుగా ఉందని తెలుసు. అయినా చెప్పక తప్పదు.

ఇక సీఎస్‌ఈ ఐఓటీ. ఈ బ్రాంచి మీద నాకు అనుమానాలున్నాయి. నాలుగేళ్లు చదివి వచ్చిన చాలామంది పిల్లలు నాకు చూపించే ప్రాజెక్టు ఒకటే: మట్టి ఎండితే కుండీకి నీళ్లు పోసే మోటారు, లేదా ఫోన్‌తో వెలిగే లైటు. మొదటి ఏడాదికైతే మంచి ప్రాజెక్టులే. వాటిలో వాడే చిన్న బోర్డులు 3.3 లేదా 5 వోల్టుల మీద నడుస్తాయి, ఫ్యాక్టరీ సెన్సర్లకు మామూలుగా 24 వోల్టులు. ఫ్యాక్టరీలో మెషీన్లను నడిపేవి పీఎల్‌సీలనే గట్టి కంప్యూటర్లు. వాటి నుంచి డేటా తీయడానికి 1979లో వచ్చిన మోడ్‌బస్ అనే డేటా పంపే పద్ధతిని ఇంకా వాడుతున్నారు. పట్టా మీద ఐఓటీ అని ఉండి పీఎల్‌సీని కళ్లతో చూడని పిల్లలు నా ముందు కూర్చున్నారు. వాళ్ల తప్పేముంది, చూపించినవాళ్లు లేరు. అసలు ఈ పేరు పెట్టిన కెవిన్ ఆష్టన్ 1999లో ఆలోచించింది సరుకు ఎక్కడుంది, ఎప్పుడు అయిపోతుంది అన్న లెక్క గురించే. ఆ లెక్క నేర్పకుండా యాప్ చేయడం మాత్రమే నేర్పితే పేరొకటి, చదువొకటి అవుతుంది.

ఆ కాలేజీకి ఒకసారి వెళ్లండి. బ్రోచర్ పక్కన పెట్టి ల్యాబ్ చూపించమనండి. పీఎల్‌సీ ఉందా, మూడో ఏడాది పిల్లలు ఏ మెషీన్ నుంచి డేటా తీశారు అని అడగండి. గట్టి జవాబు వస్తే నా అనుమానం మీ పాప విషయంలో తప్పయినట్టే, సంతోషంగా ఒప్పుకుంటాను. అక్కడ చేరినా పిల్ల చెడిపోదు, సాఫ్ట్‌వేర్ వైపు దారి ఉంటుంది.

మెకానికల్‌లో చేరితే ఆ సిలబస్ ఒక్కటే చాలదు. ఎక్సెల్ చేతికి బాగా అలవాటు కావాలి, డేటాతో పని చేయడానికి పైథాన్, ఎస్‌క్యూఎల్ అనే కంప్యూటర్ భాషలు నేర్చుకోవాలి, సెలవుల్లో పీఎల్‌సీ శిక్షణ తీసుకోవాలి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితురాలి జీతం కంటే తక్కువ ఉండొచ్చు, అప్పుడు మీ బావమరిది మాటలకు పిల్లను చిన్నబుచ్చకండి. పనికి రాష్ట్రం దాటి పోనక్కర్లేదు. శ్రీసిటీలో ఇసుజు, డైకిన్, ఆల్‌స్టామ్ ఉన్నాయి, కరకంబాడిలో బ్యాటరీలు, రేణిగుంట, ఏర్పేడు వైపు ఎలక్ట్రానిక్స్. పొద్దున షిఫ్టు వేళకు శ్రీసిటీ బస్సుల్లోంచి దిగేవాళ్లను ఒకసారి వెళ్లి చూడండి. ఎంతమంది ఆడపిల్లలో మీకే తెలుస్తుంది. ప్లానింగ్ సెక్షన్‌కు ఎక్కువగా జనరల్ షిఫ్టే ఉంటుంది, రాత్రి డ్యూటీ గురించి ఇప్పటినుంచే నిద్ర చెడగొట్టుకోకండి.

ఆప్షన్లు మీరు పెట్టిస్తున్నానన్నారు. ఆ పాస్‌వర్డ్ పాప చేతికివ్వండి. నెట్ సెంటర్‌లో కుర్చీలో తనే కూర్చోవాలి. ఓటీపీ మీ ఫోన్‌కు వస్తే చదివి చెప్పండి, చాలు.